గుమ్మంలో వెలుగు

మా కొట్లో లైట్లు మార్చిన రోజు ముందుగా బయటపడింది బూజు. ఇరవై ఏళ్ళుగా ట్యూబులైట్ల చాటున దాక్కున్నదంతా ఒక్కసారి కనిపించేసరికి మా షావుకారు ఢిల్లేశ్వరరావు మా మీద విరుచుకుపడ్డాడు. ఆ వెలుగులో ఇంకేం బయటపడిందో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. పదమూడేళ్ళుగా చీరల కౌంటరు దగ్గర నిలబడి ఆకుపచ్చలో ఏడు రకాలు చెప్పగల కళ్ళు నావి. తలుచుకుంటే ఇప్పటికీ మంట.

కాశీబుగ్గ బజారులో మాది పాత బట్టల కొట్టు. ఆ గుడ్డి ట్యూబులైట్ల కింద నీలానికీ నలుపుకీ తేడా తెలిసేది కాదు. అందుకని ఎవరొచ్చినా చీరను గుమ్మంలోకి తీసుకెళ్ళి ఎండలో చూసుకోవాల్సిందే. ఆ చూపించే పని వరహాలు బావది. అక్కుపల్లి నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు, నాకు వరసకు బావ. కొంగు తన భుజం మీదే వేసుకుని గుమ్మంలో నిలబడి, "సూసుకున్నారా అమ్మా? మరి మడతెట్టీనా?" అనేవాడు. ఆ రెండో మాట తర్వాత బేరం తప్పిపోవడం నేను పెద్దగా చూడలేదు.

కరెంటు బిల్లు పడలేక షావుకారు ఎల్ఈడీలు పెట్టిస్తానన్నప్పుడు ఎలక్ట్రీషియన్ కామేశ్ ముందే చెప్పాడు.

"బాబూ, బట్టల కొట్టుకి మరీ తెల్లటివి వొద్దండి. రంగులు సచ్చిపోతాయి. కొంచిం పసుపు కలిసినవి ఎయ్యండి."

"తెల్లగుంటేనే గదరా ఎలుగు!" అని షావుకారు చవగ్గా దొరికిన తెల్లటివే వేయించాడు. లోభికి ఖర్చెక్కువని ఊరికే అనలేదు.

బిల్లు తగ్గిన మాట నిజమే. కానీ ఎర్రచీరలన్నీ వక్క రంగుకు తిరిగాయి, మనుషులం పాలిపోయాం. నిలువుటద్దంలో మమ్మల్ని మేమే చూసుకుని ఒకటే నవ్వు.

"నీలవేణక్కా, అందరం సున్నం కొట్టిన గోడల్లాగున్నాం," అంది కొత్తగా చేరిన సుస్మిత.

అందరికంటే ఎక్కువ వరహాలు బావ. ముఖం బూడిద రంగు, కళ్ళ కింద ఉబ్బు.

"ఏటి బావా, మొకం అలాగుంది?"

"లైట్లేనే. నువ్వేటి, మారాణీలాగున్నావా?"

నవ్వేశాను. అందరం అలాగే ఉన్నప్పుడు ఒక్కడి ముఖం గురించి ఏం అడుగుతాం?

అడగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పకపోతే అబద్ధమాడినట్టే. బావ వాళ్ళన్న బైరాగి కిడ్నీలు పోయి, మూడేళ్ళు డయాలసిస్ చేయించుకుని చచ్చిపోయాడు. మా ఉద్దానం ప్రాంతంలో ప్రతి వీధికీ అలాంటి ఇల్లొకటి ఉంది. కిడ్నీ పరీక్షకు రక్తం తీసే క్యాంపు వచ్చిందంటే మా ఊళ్ళలో సగంమంది జీడితోటల్లోకి పోయి కూర్చుంటారు. కాగితం చేతికి రానంతవరకూ జబ్బు లేనట్టే. బావకు కొట్లో దొరికిన జీడితోట ఆ లైట్లు. నాకూ అంతే.

బిల్లు తగ్గిందన్న ధైర్యంతో ఏసీ పెట్టించాక, చల్లదనం పోతుందని షావుకారు గుమ్మానికి అద్దాల తలుపు బిగించాడు. ఇంత వెలుగుండగా చీరలు బయటికెందుకన్నాడు. బావను మేడ మీద స్టాకు గదికి పంపాడు. బావకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చెప్పులు పట్టడం లేదని వట్టి కాళ్ళతో తిరిగేవాడు. "మెట్లెక్కీ దిగీ కాళ్ళు నీరెట్టాయి," అనేవాడు. నేను తలూపేదాన్ని.

రెండు నెలలకు కొన్నవాళ్ళు తిరగబడ్డారు. ఇక్కడ వక్క రంగు అనుకున్న చీర ఇంటికెళ్ళేసరికి పండుమిరప రంగైతే ఎవరూరుకుంటారు? చీరలు వాపసు రావడం మొదలయ్యాక షావుకారు తిట్టుకుంటూ మళ్ళీ కామేశ్‌నే పిలిచాడు. ఒక మధ్యాహ్నం కామేశ్ పసుపు కలిసిన లైట్లు బిగించి స్విచ్ వేశాడు. ఎరుపు ఎరుపైంది. సుస్మిత బుగ్గలు సుస్మితకు వచ్చేశాయి. సంబరంగా అందరం అద్దం ముందుకు పరిగెత్తాం. బావ కూడా మేడ దిగివచ్చి మా వెనక నిలబడ్డాడు.

అద్దంలో అందరికీ రంగు తిరిగొచ్చింది. బావకు రాలేదు.

సుస్మిత వెనక్కి తిరిగి బావ ముఖంలోకి చూసింది.

"ఈ లైట్లూ బాగోనేదు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. అతని మీద, షావుకారు మీద, అందరికంటే నా మీద. బావ చెయ్యి పట్టుకుని, అద్దాల తలుపు తోసి, గుమ్మంలోకి లాక్కెళ్ళాను. మంచి ఎండ. చీరను చూసినట్టు చూశాను. పెదాలకు రంగు లేదు. వంగి అతని కాలి మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు.

ఇరవై ఏళ్ళు అతను అందరికీ నిజం రంగు చూపించిన చోటది.

"సూసుకున్నావా?" అన్నాడు మెల్లగా.

రెండో మాట అనలేదు. నాకు ఏడుపొచ్చింది, అయినా ఆగకుండా ఆటోను పిలిచాను.

ఆస్పత్రిలో రక్తం తీశారు. సాయంత్రానికి కాగితం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చూసింది.

"డయాలసిస్ రేపే మొదలుపెట్టాలి. కాస్త ముందు తెచ్చుంటే మందులతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళం. ముఖం ఇలా ఎప్పటినుంచి ఉంది?"

బావ నేలకేసి చూస్తున్నాడు. చెప్పాల్సింది నేనే.

"లైట్లు మార్సినకాడి నుంచండి," అన్నాను.

"ఏ లైట్లు?" అంది డాక్టరమ్మ.