నడిమిగోడ పొయ్యి

గోవిందప్పకు చలంటే పగ. మడకశిర నుంచి వచ్చి పదేళ్ళుగా అద్దాల మేడలకు సెంట్రింగు చెక్కలు కొడుతున్నాడు గానీ, తానుండేది మాత్రం నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో ఒక రేకుల గది. ఎండాకాలం పెనం, చలికాలం మంచుగడ్డ. భార్య పోయాక ఆ చలి మరీ ఎక్కువైంది. అందుకే ఒక పాత డాంబరు పీపా తెచ్చి, లోపల ఎర్రమట్టీ ఊకా కలిపి మెత్తి, రేకుకు చిల్లు పెట్టి పొగగొట్టం బిగించి, కట్టెల పొయ్యి చేసుకున్నాడు.

దాన్ని నడిమిగోడకు ఆనించి పెట్టాడు. ఆ గోడ అవతల గది ఇంటి యజమానురాలు కొమురమ్మది. ఇద్దరి గుమ్మాలూ చెరో సందులోకి ఉంటాయి. మొదటిరోజే ఆమె సందు చుట్టి వచ్చింది.

"ఏంది తమ్మీ, నా గోడను రొట్టె లెక్క గాలుస్తున్నవ్?"

కొట్లాడి పోయింది. మర్నాడు సాయంత్రం గోడకూ రేకుకూ మధ్యనున్న జానెడు సందులోంచి ఆమె గొంతు వినబడింది. "జర ఇంకో కట్టె ఎయ్యి. నడుం నొప్పి దిగుతున్నది."

అప్పట్నుంచీ ఆమె అటు గోడకు వీపానించి కూచునేది, ఇతను ఇటు పొయ్యి ముందు. తిన్నావా అంటే తిన్నావా. పోయిన పెనిమిటి ముచ్చట్లు ఆమెవి, పోయిన పెళ్ళాం ముచ్చట్లు ఇతనివి. మొహాలు చూసుకున్నది తక్కువే.

పొయ్యి పెట్టుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. దాన్ని సాకడం ఉంది చూశారూ, అదో సంసారం. సిమెంటంటిన చెక్క వేస్తే ఇల్లంతా పొగ. పచ్చి కట్టె వేస్తే గొట్టం నిండా జిడ్డు మసి. ఆదివారం ఆదివారం గోవిందప్ప రేకుల మీదికెక్కి, గోనెగుడ్డ చుట్టిన తాడును గొట్టంలోకి దించి లాగేవాడు. మట్టి పగిలిన చోట పేడ కలిపి మళ్ళీ మెత్తేవాడు. బూడిద ఊడ్చిపారేయకుండా అడుగున ఇంత వదిలేవాడు. నిప్పు నిలవాలంటే దాని కింద పరుపుండాలి మరి.

ఆ యేడు డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్నారు, పట్టుమని నెల తిరక్కుండానే ఆగమన్నారు. ఊరు భగ్గుమంది. ఎక్కడ చూసినా బందులు, టెంట్లు, డప్పులు. కొమురమ్మ మనవడు ఓంకార్ కాలేజీకి పోకుండా దీక్షా శిబిరంలోనే ఉంటున్నాడు. ఒక సాయంత్రం గోడ అవతలి నుంచి కొమురమ్మ అడిగింది. "మా తెలంగాణ మాకొస్తె నీకేమన్న నొప్పా తమ్మీ?"

నవ్వుతూనే అడిగింది పాపం. కానీ ఆ రోజే షేర్ ఆటోలో ఎవడో "మీ దేశం ఎప్పుడు పోతవ్?" అన్న మంట ఇతని కడుపులో ఉంది. నోటికి తాళం లేదు కదా!

"మీకొస్తే మమ్మల్ని తరుముతారు గదా అక్కా. నీ గోడ నువ్వే ఎచ్చబెట్టుకో పో!"

అవతల మాట లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు.

గోవిందప్ప గోడకు చెవి ఆనించి చూశాడు. సందు చుట్టి వెళ్ళి తలుపు తట్టొచ్చుగా, ఏం రోగం? తట్టలేడు. అసలే రోజులు బాగాలేవు, సీమవాడు ఒంటరి ఆడమనిషి గుమ్మంలో నిలబడితే ఎవరేమంటారోనని భయం. నేనే దిగిరావాలా అన్న బింకం కూడా ఉందనుకోండి. నోటితో చెప్పలేక, తప్పయిందన్న ఆ ఒక్కమాట కట్టెలతో చెప్పడం మొదలుపెట్టాడు.

సైటులో ఏరి ఏరి ఎండిన టేకు ముక్కలు తెచ్చాడు. తుమ్మ మొద్దులు మోసుకొచ్చాడు. మసి వారానికి రెండుసార్లు దులిపాడు. పొద్దుగూకితే గోడ మీద అరచెయ్యి పెట్టి, బాగా కాగిందనుకున్నాక మెల్లగా పిలిచేవాడు. "అక్కా, ఈ పొద్దు తుమ్మ మొద్దు యేసినా. ఎట్లుండాది?"

జవాబుండేది కాదు. ఎప్పుడైనా అవతల గిన్నె కదిలితే మాత్రం ప్రాణం లేచొచ్చేది. ఉంది! మూతి ముడుచుకుని కూచుంది. ముడుచుకుంటే ముడుచుకోనీ, కూచుంది గదా అనుకునేవాడు. మాట్లాడే మనిషి ఒక్కరే ఉండి, ఆ ఒక్కరూ మానేస్తే, చుట్టూ ఎంత ఊరుంటే ఏం లాభం? అన్నం కూడా సయించేది కాదు. జనవరి అలాగే వెళ్ళిపోయింది.

ఒక సాయంత్రం పొయ్యి ఎర్రగా మండుతుండగా అవతల తాళం తీసిన చప్పుడైంది. తాళమా! లోపల మనిషుంటే బయట తాళమేమిటి? గోవిందప్ప చెప్పులైనా లేకుండా సందు చుట్టి పరిగెత్తాడు. గుమ్మంలో ఓంకార్, చేతిలో అవ్వ రగ్గు.

"అక్కకేమయింది నాయనా?"

"దమ్ము ఎక్కువై ఊపిరాడకపోతె దవాఖానల చూపిచ్చినం కాకా. నెల దాటింది, బందులు నడుస్తుండంగనే బోరబండకు తీస్కపోయినం, మా అక్క తాన ఉంటున్నది. నీకెవ్వరు చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? ఆ సందులో ఇతనితో మాట్లాడేదెవరు? ఇన్నాళ్ళూ గిన్నెలు కదిలించినవి ఎలుకలు. గోవిందప్పకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఉత్త గదితో కాపురం చేసినట్టయింది.

ఓంకార్ గూట్లోంచి మందుల సంచి తీస్తూ గోడకు చెయ్యి ఆనించి, ఉలిక్కిపడ్డాడు. "అరె, గింత వెచ్చగున్నదేంది?" వెనక్కి తిరిగి, మసి పట్టిన గోవిందప్ప చేతుల వంక చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆడ గూడ అవ్వ గోడకే ఆనుకోని కూసుంటది కాకా. సల్లగున్నది, లెవ్వు అంటె ఇనది. 'జర ఆగుర, మా తమ్ముడు గిప్పుడే పనికాడికెల్లి వచ్చిండు, ఇగ ముట్టిస్తడు' అంటది."

గోవిందప్ప ఆ గడప మీదే కూచున్నాడు. బోరబండకు రైలు ఎన్నింటికని అడిగాడు.