ఇంటూ గుర్తు

పోలింగు ముగిసిన మర్నాడు ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పోస్టులో మీరు పంపిన ఓటు కవరు మీది సంతకం, మా దగ్గరున్న మీ పాత సంతకంతో కలవలేదు, గురువారం సాయంత్రం ఐదింటిలోగా వచ్చి సరిచేసుకోకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు అని దాని సారాంశం. వర్డెల్ టాలివర్ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ సంతకం కలవలేదట! ఆ చుట్టుపక్కల నల్లవాళ్ళలో సగం మందికి సంతకం నేర్పిన మనిషి ఆవిడ.

పందొమ్మిది వందల అరవై నాలుగులో, అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ళు ఓటు కోసం కొట్లాడుతున్న రోజుల్లో, ఆవిడకి పందొమ్మిదేళ్ళు. పగలంతా పొగాకు ఆకు కుట్టి, సాయంత్రం పిస్గా చర్చి వెనక గదిలో పలకా బలపం పట్టుకుని కూర్చునేది. ఓటరుగా నమోదు కావడానికి వెళ్ళిన నల్ల ముసలివాళ్ళ ముందుకి గుమాస్తా కాగితం తోసి, "ఇంటూ గీసిపో, తాతా" అని పక్కవాడికి కన్నుకొట్టేవాడు. ఆ కన్నుకొట్టడం వర్డెల్ ఒళ్ళు మండించింది. పశువుకి వేసే వాతకీ ఈ ఇంటూకీ తేడా ఏమిటని అడిగేది. అరవై దాటిన ఎజెల్ ప్రూయిట్ చేత పేరు రాయించడానికి మూడు నెలలు పట్టింది. మొదటిసారి తన పేరు తానే రాసుకుని ఆ పెద్దమనిషి పలక చెరపనివ్వలేదు, ఇంటికి పట్టుకుపోయాడు. ఆ పుణ్యానికి ఎవరో వర్డెల్ వాళ్ళ కిటికీ మీద తుపాకీ పేల్చారు. మర్నాడు సాయంత్రం కూడా ఆవిడ బలపం పట్టింది.

ఇప్పుడు డెబ్బై ఎనిమిది. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం చచ్చుబడింది. పిస్గా చర్చిలో ఉండే పోలింగు బూతును కౌంటీ కమిషనరుగా గెలిచిన హాలిస్ ఖర్చు దండగని ఎత్తేశాడు. కొత్త బూతు పందొమ్మిది మైళ్ళ దూరం. అక్కడ వరసలో నిలబడే ఓపిక లేకే ఆవిడ పోస్టులో ఓటు పంపింది. ఈసారి హాలిస్ మీద పిస్గా చర్చి పాస్టరు గారి కూతురు పోటీకి నిలబడింది. లెక్కింపులో ఆ పిల్ల ఏడు ఓట్లు వెనకబడి ఉంది. ఇలా సంతకాలు కలవని కవర్లు ఇంకా ముప్ఫై పైచిలుకు మిగిలున్నాయి. అవి నల్లవాళ్ళ పేటల కవర్లేనని ఒకరు చెప్పాలా?

గురువారం మేనకోడలు జోనెట్టా పనికి సెలవు పెట్టి కారు తీసింది. ఆఫీసుకి చేరేసరికి నాలుగు దాటింది. కౌంటరులో ఉన్న పిల్ల మర్యాదస్తురాలే, కుర్చీ తెచ్చి వేసింది. గుర్తింపు కార్డు అడిగింది. వర్డెల్ డ్రైవింగు లైసెన్సు గడువు, చెయ్యి పడిపోయిన నెలలోనే తీరింది. అయితే ఈ ప్రమాణపత్రం మీద సంతకం చేయండి, కలిస్తే సరిపోతుందంది. వర్డెల్ చేసింది. ఆ పిల్ల కంప్యూటరులో పాతికేళ్ళ కిందటి సంతకాన్ని చూసి, కాగితాన్ని చూసి, తల అడ్డంగా ఊపింది. ఇంకో కాగితం ఇచ్చింది. పేరులో మొదటి అక్షరం నిలబడలేదు, చివరి అక్షరాలు గీత దిగి జారిపోయాయి. మూడోదీ అంతే. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

"ఒక దారుంది, మిస్ వర్డెల్" అంది ఆ పిల్ల నెమ్మదిగా. "చెయ్యి సాగనివాళ్ళు ఇంటూ గీస్తే చాలు. ఇద్దరు సాక్షులు ఉంటే చెల్లుతుంది. మీతో వచ్చినావిడ ఒకరు, నేనొకరిని."

వర్డెల్ కలం కింద పెట్టేసింది. ఆ మొండితనం జోనెట్టాకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"నేను గీయను. నా పేరు నాకు రాయడం వచ్చు."

"అత్తా, ఏడు ఓట్లే తేడా."

"ఎజెల్‌కి ఏమని చెప్పనే?"

"పోయి నలభై ఏళ్ళయిన మనిషికి ఏం చెప్తావు? వాళ్ళ మనవలు పందొమ్మిది మైళ్ళు పోయి ఓటేసొచ్చారు. వాళ్ళకేం చెప్తావో అది చూసుకో."

ఐదుకి పది నిమిషాలుందనగా వర్డెల్ కలం తీసుకుంది. ఒక గీత, దాని మీద అడ్డంగా ఇంకో గీత. విచిత్రం ఏమిటంటే రెండు గీతలకీ చెయ్యి వణకలేదు. ఆ ఆఫీసు వాళ్ళకి ఏం కావాలో అది ఆ చెయ్యికి ఇంకా చేతనవుతుందన్నమాట. జోనెట్టా సంతకం పెట్టింది, ఆ పిల్లా పెట్టింది. ఓటు లెక్కలో పడింది.

ఆ పిల్ల మనస్ఫూర్తిగా నవ్వి, 'నేను ఓటేశాను' అని రాసున్న గుండ్రటి స్టిక్కరు తెచ్చి వర్డెల్ కోటుకి తనే అంటించింది. ఇక మీకు ఏ ఇబ్బందీ రాదంది. కంప్యూటరులో పాత సంతకం తీసేసి దీన్నే ఎక్కించానంది. వచ్చే ఏడాది కవరు మీద కూడా ఏం చేయాలో జోనెట్టాకి ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది.

కారెక్కి కూర్చున్నాక వర్డెల్ అడిగింది, "చివర్లో ఏమందే ఆ పిల్ల?"

జోనెట్టా తాళం తిప్పకుండా స్టీరింగు పట్టుకుని కూర్చుంది. అత్తకి చెవులు బాగానే వినిపిస్తాయని ఆమెకి తెలుసు.

"ఇకమీదట పేరు రాయొద్దంది, అత్తా. రాస్తే కలవదట."