రశీదు జత చేయలేదు

పిలవకుండా నేను ఎవరింటికీ వెళ్ళను. అది పొగరని మా ఆవిడ వసంతమ్మ అనేది. పొగరే అనుకోండి. శ్రీకాళహస్తి మున్సిఫ్ కోర్టులో ముప్పై రెండేళ్ళు బెంచి గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలకు హాజరు కావాలో కాగితం మీద రాసి పంపడం నా ఉద్యోగం. కాగితం లేకుండా వచ్చినవాణ్ణి వరండా దాటనిచ్చేవాణ్ణి కాదు. అదే పద్ధతిని ఇంటికీ తెచ్చుకున్నాను. పెళ్ళికైనా గృహప్రవేశానికైనా పత్రిక చేతికిచ్చి మునిరామయ్యగారూ రండి అంటేనే కదిలేవాణ్ణి. వసంతమ్మ నలుగురినీ పలకరించి వచ్చేది కాబట్టి అన్నాళ్ళూ నా పద్ధతి చెల్లింది. 1976లో ఆమె పోయింది. మాకు పిల్లలు లేరు. ఆ తర్వాత పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. నేనూ వెళ్ళలేదు.

మధ్యాహ్నం మెస్సు నుంచి క్యారియరు వచ్చేది. తెచ్చే మనిషి దాన్ని అరుగు మీద పెట్టి, నిన్నటి ఖాళీది తీసుకుని చక్కా పోయేవాడు. సాయంత్రం రేడియోలో వార్తలు. అంతే నా రోజు. ఒకసారి మూడు రోజులు ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదని గుర్తొచ్చింది. గొంతు పనిచేస్తోందో లేదో చూద్దామని వంటింట్లో నిలబడి నా పేరు నేనే పిలిచాను, కోర్టులో బంట్రోతు పిలిచినట్టు మూడుసార్లు. ఎవరూ హాజరు కాలేదు. నవ్వొచ్చింది గానీ, ఆ తర్వాత చాలాసేపు భయమేసింది.

వసంతమ్మకు పుట్టింటివైపు నుంచి బజారు వీధిలో నాలుగు అంగడి గదులు వచ్చాయి. వాటి బాడుగ, నా పెన్షను కలిపితే ఆదాయపు పన్ను గీత బొటాబొటిగా దాటేది. ఏర్పేడు దారిలో ఉన్న కుష్ఠురోగుల ఆశ్రమానికి ఆమె ఏటా బియ్యం పంపేది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, అది మాత్రం ఆపొద్దని చెప్పింది. బియ్యం మోయించే ఓపిక నాకెక్కడిది? ఏటా నూట పదహారు మనియార్డరు చేసేవాణ్ణి. వాళ్ళు టపాలో రశీదు పంపేవారు. రమ్మని మాత్రం రాసేవారు కాదు.

ఇలాంటి విరాళాలు చూపించుకోవడానికి పన్ను రిటర్నులో ఒక గడి ఉంటుంది. రశీదు జత చేసి అందులో రాస్తే, ఇచ్చినదాంట్లో సగానికి పన్ను వెయ్యరు. ధర్మం చేసి దానికి రాయితీ అడగడమేమిటని మొదట సిగ్గుపడ్డాను. కానీ గడి ఉంది కదా. ఉన్న గడిని ఖాళీగా వదిలేస్తే నాకు నిద్రపట్టదు. రాశాను. ఆమె పోయిన దుఃఖంలోనో ఏమో, ఆ మొదటి ఏడాది రశీదు జత చేయడం మర్చిపోయాను.

అక్టోబరులో పన్ను ఆఫీసు నుంచి గోధుమరంగు కవరు వచ్చింది. విరాళానికి రుజువుతో ఫలానా తేదీన పదకొండు గంటలకు స్వయంగా హాజరు కావాలని నోటీసు. ఊరందరినీ పిలిపించినవాణ్ణి, నన్నే పిలిపిస్తారా అని మండిపడ్డాను. ఇస్త్రీ కోటు తొడుక్కుని, బస్సెక్కి వెళ్ళి పదిన్నరకే ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చున్నాను.

పిలిచింది సుభాన్ బాషా అనే గుమాస్తా. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. ముక్కు మీదికి జారిపోయే కళ్ళద్దాలు, చెవి వెనక పెన్సిలు.

"రశీదు తెచ్చినారా సార్?" అన్నాడు.

బల్ల మీద విసిరినట్టే పెట్టాను. ఫైల్లో గుచ్చాడు. పని రెండు నిమిషాల్లో అయిపోయింది. నేను లేవబోతే కూర్చోమని టీ తెప్పించాడు. అన్ని ఆశ్రమాలుండగా అదే ఎందుకని ఊరికే అడిగాడు. వసంతమ్మ సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆమె పేరు పైకి అని ఏడాది దాటిందని అప్పుడు తెలిసింది నాకు.

"ఆయమ్మ చేతి వంటలో మీకు ఏది ఇష్టం సార్?" అన్నాడు బాషా.

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు జబ్బు పేరు అడిగారు, ఎన్నాళ్ళు మంచంలో ఉందో అడిగారు. పితికిపప్పు అని చెప్పాను. అనపకాయల కాలంలో గింజలు రాత్రే నానేసి, పొద్దున్నే నడవలో కూర్చుని ఒక్కొక్క గింజనూ వేళ్ళతో పితికి తొక్క తీసేది. నన్నూ కూర్చోమనేది. కోర్టుకు టైమైందని నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఇదంతా అరగంట చెప్పాను. తన ఇంటామె జైతున్‌బీ దాన్ని వేటమాంసంలో వేసి వండుతుందని బాషా చెప్పాడు. బస్సులో తిరిగి వస్తుంటే నాలో నేనే నవ్వుకుంటున్నానని కండక్టరు చూసినప్పుడు గానీ తెలియలేదు.

మరుసటి జూన్‌లో రిటర్ను రాసి, రశీదును గుండుసూదితో గుచ్చి, కవరులో పెట్టబోతూ ఆగాను. సూది తీసేశాను. రశీదును వసంతమ్మ కుంకుమ భరిణె కింద దాచాను. అబద్ధం ఏమీ రాయలేదు కదా, ఒక కాగితం పెట్టలేదు, అంతే. అది తప్పు కాదని నా కేసులో నేనే తీర్పు చెప్పుకున్నాను. అక్టోబరులో నోటీసు వచ్చింది. కోటు తొడుక్కుని వెళ్ళాను. "రశీదు తెచ్చినారా సార్?" అన్నాడు. జేబులోంచి తీసిచ్చాను. టీ తాగాం, గంట మాట్లాడుకున్నాం.

అలా ఏళ్ళు గడిచాయి. ఏడాదికి ఒక గంట. మిగిలిన రోజులన్నీ ఆ గంట కోసం మాటలు ఏరి పెట్టుకునేవాణ్ణి. వీధిలో ఏదైనా తమాషా జరిగితే, ఇది బాషాకు చెప్పాలి అనుకునేవాణ్ణి. నా టీ డబ్బులు నేనే ఇచ్చేవాణ్ణి, అది వేరే సంగతి.

1981లో ఒంటిమీద జ్వరంతో రిటర్ను రాశాను. టపాలో వేసి ఇంటికొచ్చి చూస్తే భరిణె కింద రశీదు లేదు. కోర్టు అలవాటు కొద్దీ గుచ్చి పంపేశాను. ఇంక పిలవరు. ఆ రోజు మళ్ళీ మంచం దిగలేదు. కానీ అక్టోబరులో ఎప్పటిలాగే కవరు వచ్చింది. సంతోషించాలి కదా, నేను సంతోషించే రకమా? పంపిన కాగితం పోగొట్టి మళ్ళీ అడుగుతారా అని ఆఫీసంతా వినబడేట్టు బాషాను కడిగేశాను. అతను తల వంచుకుని విన్నాడు. ఫైలు తిరగేసి, ఈడనే ఉండాది సార్, కాగితాల మధ్య కనపళ్ళేదు, తప్పు నాదే అన్నాడు. ఆ తర్వాత టీ తెప్పించాడు. ఆ ఏడాది జైతున్‌బీకి కంటి ఆపరేషను అయిందని చెప్పాడు. నేను కోపంలో సరిగా వినలేదు.

1985 అక్టోబరులో కవరు రాలేదు. నవంబరులోనూ రాలేదు. రోజూ పోస్టాఫీసు గుమ్మం దాకా వెళ్ళి, నాకేమైనా ఉందా అని అడగడానికి మనసొప్పక తిరిగొచ్చేవాణ్ణి. ఆఫీసుకే వెళ్ళి అడిగితే పోదా అని మీరనవచ్చు. ఏమని అడగను? నన్నెందుకు పిలవలేదని అడుక్కోవాలా? వచ్చే ఏడాది గడిలో నూట పదహారుకు ముందు ఒక ఒకటి చేర్చి వెయ్యిన్నూట పదహారు అని రాస్తే చచ్చినట్టు పిలుస్తారు అని కూడా ఆలోచన వచ్చింది. పాత ఫారం తెచ్చి ఆ ఒకటి వెయ్యబోయాను. ముప్పై రెండేళ్ళు ఇతరుల అబద్ధాలు రాసుకున్న చెయ్యి, సొంతంగా ఒక్కటి రాయలేకపోయింది. ఫారం చింపేశాను.

డిసెంబరులో ఉత్తరం వచ్చింది. నోటీసు కాదు, చిత్తూరు నుంచి ఇన్లాండు లెటరు. బాషా రాశాడు. తాను సెప్టెంబరులో రిటైరయ్యాడట. చిన్న రిటర్నులను ఇకమీద ఎవరినీ పిలవకుండా రాసినది రాసినట్టే ఒప్పుకుంటారట, కాబట్టి నోటీసు రాలేదని నేను కంగారు పడొద్దట. చివర ఇలా రాశాడు:

"ఇంకొక మాట సార్. మీరు నన్ను కోప్పడిన సంవత్సరం మీ రశీదు ఎక్కడికీ పోలేదు. మీరు గుచ్చింది గుచ్చినట్టే ఉండింది. చూసి కూడా నోటీసు రాసి సంతకానికి పెట్టినాను. మీరు రాకపోతే నాకు ఆ అక్టోబరు తోచదనిపించింది. అంతకుముందు కూడా రశీదు మీ జేబులో ఉంటుందని నాకు తెలుసు. క్షమించండి."

నాలుగుసార్లు చదివాను. తనకు ఇల్లుంది, జైతున్‌బీ ఉంది, ఆఫీసు నిండా మనుషులున్నారు, అయినా అతనికీ తోచలేదట. అందరిముందూ నేను తిడుతుంటే తల వంచుకుని విన్న మనిషి గుర్తొచ్చి, ఉత్తరం పట్టుకుని ఏడ్చాను. వసంతమ్మ పోయిన రోజు కూడా అలా ఏడవలేదు, అప్పుడు ఇంటినిండా జనం ఉన్నారు.

కానీ అంత రాసినవాడు, ఒకసారి రండి అని మాత్రం రాయలేదు. పిలవకుండా నేనెలా వెళ్ళను? రెండు వారాలు దాంతోనే కొట్టుకున్నాను. చివరికి నాకు వచ్చిన పనే చేశాను. తెల్లకాగితం మడత పెట్టి, కోర్టు బాణీలో రాశాను:

"ప్రతివాది సుభాన్ బాషాగారికి. 1981వ సంవత్సరపు రశీదు విషయమై తమరు జనవరి 29వ తేదీ పగలు పదకొండు గంటలకు ఈ దిగువ చిరునామాలో స్వయంగా హాజరు కావలెను. వకీలును పంపిన చెల్లదు. గైరుహాజరైనచో తమరు లేకయే ఎక్స్‌పార్టీగా తీర్మానించబడును."

రిజిస్టరు పోస్టులో పంపాను. ముందురోజు అనపగింజలు తెచ్చి నానేశాను. పొద్దున్నే లేచి నడవలో కూర్చుని పితికాను. శేరు గింజలు పితకడానికి అంతసేపు పడుతుందని నాకు తెలియదు. ఆమె పక్కన ఒక్కరోజైనా కూర్చోలేదే అని వేళ్ళు నొప్పి పుట్టేదాకా అదే అనుకుంటూ పితికాను. వండాను. కారం ఎక్కువైంది. రెండు కుర్చీలు తుడిచి, కోటు తొడుక్కుని కూర్చున్నాను. పదకొండైంది. పన్నెండైంది. క్యారియరు మనిషి వచ్చి, ఎవురన్నా వస్తా ఉండారా సామీ అని అడిగాడు. లేదన్నాను. మూడింటికి కోటు విప్పాను. ఆ పప్పు నేను తినలేదు.

మూడో రోజు పోస్టుకార్డు వచ్చింది. బాషా చేతిరాతే, గీతలు మాత్రం వంకరపోయాయి. "కోర్టువారికి ప్రతివాది విన్నపం. పెరట్లో జారిపడి కాలు విరిగినందున, కట్టు కట్టి ఉన్నందున హాజరు కాలేకపోతిని. దయచేసి వాయిదా ఇప్పించవలెను. ఎక్స్‌పార్టీ చేయవద్దు." పడుకునే రాసినట్టున్నాడు.

వాయిదా ఇస్తున్నట్టు రాయడానికి కాగితం తీశాను. తేదీ దగ్గర పెన్ను ఆగిపోయింది. విరిగిన ఎముక అతుక్కోవడానికి మూడు నెలలైనా పడుతుంది. అన్నాళ్ళు అతనికోసం ఇక్కడ నేను, నాకోసం అక్కడ అతను కాగితాలు రాసుకుంటూ కూర్చోవాలా? సమన్లు పంపిన కోర్టే ప్రతివాది గుమ్మం తొక్కడం నా సర్వీసులో చూడలేదు. పెన్ను మూసేశాను. భరిణె కింద ఆ ఏడాది రశీదు ఉంది. జేబులో పెట్టుకున్నాను. కోటు తొడుక్కోలేదు. చిత్తూరు బస్సెక్కాను.

ఇల్లు వెతుక్కుని తలుపు తట్టేసరికి పొద్దు వాలుతోంది. మందపాటి కళ్ళద్దాలు పెట్టుకున్న ఆమె తలుపు తీసింది. జైతున్‌బీ అయి ఉండాలి. ఎవరు కావాలని అడిగింది. చెప్పాను. ఆయన ఎవరినీ చూసే స్థితిలో లేడన్నట్టు వెనక్కి చూసి, "ఆయన గానీ రమ్మని పిలిచినారా?" అంది.

చెప్పులు గుమ్మం పక్కన విడిచాను.

"లేదమ్మా," అన్నాను. "ఎవురూ పిలవలేదు. నేనే వచ్చినాను."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఆ తర్వాత తెలిసిన గొంతు, కొంచెం నీరసంగా, నవ్వు ఆపుకుంటూ వినిపించింది. "రశీదు తెచ్చినారా సార్?"

గడప మీద నిలబడి జేబు తడుముకున్నాను. రశీదు చేతికి తగిలింది.

"యాడప్పా, మర్చిపోయినాను," అన్నాను. "మళ్ళీ ఇంకోసారి రావాల్సిందే."