రెండో కాగితం

సూక్తుల పుట్టుక మీద పుస్తకం రాస్తున్న లెక్చరరు మధ్యాహ్నం వచ్చి, ఒక్క సంతకం చాలన్నాడు. "రక్తం చిందనిదే రాజ్యం మారదు" అని ఊరూరా గోడలకెక్కిన మాట, ఉద్యమం నడిపిన పెద్దాయన ప్రసంగంలోంచే వచ్చిందని రుజువు కావాలి. నలభయ్యేళ్ల కిందట పత్రికకని ఆయన ఇంట్లో చెబుతుంటే ఆ ప్రసంగాన్ని టైపు చేసిన మేడమ్ తప్ప సాక్షులెవరూ మిగల్లేదు.

మేడమ్ అతణ్ణి మర్నాడు రమ్మంది.

మాట ఆయనదే. చిక్కంతా ఆమె పనితనంలో ఉంది. వాక్యాన్ని రెండు కాగితాల మధ్య విరవడం ఆమెకు బొత్తిగా గిట్టదు. అక్షరాలు ఇరికించయినా సరే, పేజీ చివర చుక్క పడవలసిందే. ఆ రోజు మొదటి కాగితం సరిగ్గా ఆ మాటతో ముగిసింది. తొందరలో ఉన్న విలేకరి చుక్క చూసి ప్రసంగం అయిపోయిందనుకున్నాడు. ఆమె రెండో కాగితం యంత్రానికి ఎక్కిస్తుండగానే మొదటిది పట్టుకుని చక్కా పోయాడు.

మర్నాడు పత్రిక నిండా అదే. సవరణ పంపుదామని ఆమె అడిగితే, వాకిట్లో జేజేలు వింటున్న పెద్దాయన "రేపు చూద్దాంలే" అన్నాడు. ఆ సాయంత్రమే ఊరేగింపు మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ఆమె అన్నయ్య పోయాడు.

భర్త ఆ మాట కోసం ప్రాణమిచ్చాడన్న ఒక్క ఆసరాతో వదిన ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. దాన్ని లాగేసే హక్కు తనకు లేదని మేడమ్ సర్దిచెప్పుకుంటూ వచ్చింది. కానీ నోరు మూసుకోవడం వేరు, రుజువని సంతకం పెట్టడం వేరు.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ వదినకు అంతా చెప్పింది. జ్ఞాపకాన్ని తానే నమ్మదు కనుక, పెట్టెలోంచి ఆ రెండో కాగితం కార్బన్ ప్రతి తెచ్చి చేతికిచ్చింది. వదిన కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"ఈ మాట ఒకప్పుడు నేనూ నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఎవరి రక్తమని అడగండి. చెప్పేవాడిది మాత్రం కాదు. ఇళ్లకు వెళ్లండి."

కళ్లజోడు తీసి వదిన అంది: "ఆ పొద్దున మీ అన్నయ్య ఇంట్లోనే ఉన్నారు, అమ్మాయ్. పేపరు చూసే బయల్దేరారు."

మేడమ్ మడతపెట్టిన దుప్పటినే విప్పి, అంచులు కలిపి మళ్లీ మడతపెట్టింది.

"దుప్పటి మడతకి కూడా స్కేలు పెట్టే మనిషివని వేళాకోళం చేసేదాన్ని. ఇన్నేళ్లూ ఎందుకు దాచావే?"

"నీకున్న ఆ కాస్త ఆసరా పోతుందని, వదినా."

"నా ఆసరా సంగతి నేను చూసుకునేదాన్ని. సంతకం దీని మీద పెట్టు."

మర్నాడు ఆమె అలాగే పెట్టింది. అచ్చుకు సిద్ధమైన అధ్యాయమంతా తిరగరాయాలని లెక్చరరు గొణుక్కుంటూ వెళ్లాడు. వదిన గదిలోంచి బయటికి రాలేదు. ఆడపడుచుతో మళ్లీ మాట కలపడానికి ఆమెకు పదకొండు రోజులు పట్టింది.