ఆరు మొహాల అట్ట

నేను ఒక అట్టముక్కను. జానెడు పొడవు, ఒంటినిండా లామినేషను. నా మీద వరసగా ఆరు మొహాలున్నాయి. మొదటిది ఇకిలిస్తుంటుంది, ఆరోది బావురుమంటుంటుంది. నొప్పి ఎంతుందో రోగి ఏదో ఒక మొహాన్ని చూపించి చెప్పాలి. అదే నా ఉద్యోగం. పుట్టింది ఆసుపత్రి ఎదురుగా జిరాక్స్ షాపులో. ఆ పూటే నాతోపాటు బోలెడన్ని ఆధార్ కాపీలు కూడా పుట్టాయి. వాటికి ఒక్కో మొహమే, పాపం!

నన్ను చేయించింది డాక్టర్ ఉమాపతి గారు. జబ్బు నయం కాదని తేలినా నొప్పి తగ్గించొచ్చని, దాన్నే పాలియేటివ్ కేర్ అంటారని, ఊరూరా ఆసుపత్రులు తిరిగి నర్సులకు నేర్పుతారాయన. విజయనగరం వైపు ఒక ఆసుపత్రిలో మూడు రోజులు నేర్పి, నన్ను సువార్త సిస్టరు చేతిలో పెట్టారు. "శుక్రవారం శుక్రవారం ఫోన్ చెయ్యమ్మా. ఎంత చిన్న సందేహమైనా సరే" అన్నారు. శిక్షణ ఇచ్చేవాళ్లు మామూలుగా భోజనాలయ్యాక ఫొటో దిగి వెళ్లిపోతారు. ఈయన నిజంగానే ఫోన్ ఎత్తేవారు. ఆయన కడుపు చల్లగా ఉండాలి!

మా మొదటి రోగి అప్పలనరసమ్మ. చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చీ కాల్చీ అంగిట్లో కేన్సరు తెచ్చుకుంది. సువార్త రోజూ నన్ను ఆవిడ ఎదుట పట్టుకుని "ఏ మొహం, మామ్మా?" అని అడిగేది. ఆవిడ రోజూ ఇకిలించే మొహం మీదే వేలు పెట్టేది. సిస్టరు నొప్పి సున్నా అని రాసేది. ఆ సున్నా చూసి వార్డు డాక్టరు నొప్పి తగ్గించే మార్ఫిన్ రాసేవారు కాదు. మామ్మేమో మంచం పట్టీ పట్టుకుని బిగుసుకుపోయేది. గంజి గుటక కూడా దిగేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆరు నోళ్లుండి ఏం లాభం, ఒక్క మాట పెగలకపోయాక!

శుక్రవారం సువార్త ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. ఉమాపతి గారు నవ్వలేదు, కోప్పడలేదు. "ఇంటికొచ్చిన చుట్టానికి ఎవరైనా ఏడుపుమొహం చూపిస్తారా అమ్మా? ఆవిడకి నువ్వు చుట్టానివి. అట్ట చేతికిచ్చి, అంటించడానికో ప్లాస్టరు ముక్కిచ్చి, నువ్వు అటు తిరిగి నిలబడు" అన్నారు.

సువార్త అలాగే వీపు తిప్పి నిలబడింది. మామ్మ చాలాసేపు నన్ను చూసింది. తర్వాత ఆ ముక్కని ఆరో మొహం మీద అంటించింది.

ఆ పూటే మార్ఫిన్ మొదలైంది. మూడో రోజుకి ముక్క రెండో మొహం మీదకి వచ్చేసింది. మామ్మ గంజి తాగింది, పక్క మంచం ఆవిడతో దెబ్బలాడింది కూడా. మరి ముందే ఎందుకు చెప్పలేదని ఆ పక్క మంచం ఆవిడే అడిగితే, "సిస్టరమ్మ ఎదురుగుండా ఏడుపుమొగం సూపిస్తే బాగుంటదేటి?" అంది. అలా ఇరవై నాలుగు రోజులు బతికింది.

ఇప్పుడు సువార్తే శిక్షణ ఇస్తోంది. తొమ్మిది ఆసుపత్రుల్లో నా తమ్ముళ్లున్నారు. నా అంచులు ఊడిపోయినా నన్నే పట్టుకుని పాఠం చెబుతుంది. వీపు తిప్పి నిలబడడం ఎలాగో చూపిస్తుంది. ఒక్క సంగతి మాత్రం క్లాసులో చెప్పదు.

అది మామ్మ పోవడానికి ముందురోజు. సువార్త రెండు డ్యూటీలు వరసగా చేసి, స్టూలు మీద కూలబడింది. మామ్మ నా మొదటి మొహం మీదున్న ముక్కని ఊడదీసి సిస్టరు వేలికి అంటించింది. నన్ను ఆ చేతిలో పెట్టి, తను గోడవైపు తిరిగి పడుకుంది.

సువార్త గుడ్లప్పగించి చూసింది. ఆనక మెల్లిగా ఆ ముక్కని నా నాలుగో మొహం మీద అతికించింది.

మామ్మ ఇటు తిరిగి చూసి, సిస్టరు బుగ్గ నిమిరింది. "ఇంటికెల్లి తొంగోయే తల్లీ. నాకేటీ నొప్పి నేదు" అంది.

ఈసారి అది నిజమే.