గట్టు మీది బోర్డు

రంగు డబ్బా మూత తీసి, పైన మీగడలా కట్టిన పొరను పుల్లతో పక్కకు లాగాడు అక్షరాలాయన. కొంచెం టర్పెంటైన్ పోసి కలిపి, పాత గుడ్డలోంచి వడకట్టి, కుంచె ముంచి బొటనవేలి గోరు మీద ఒక గీత గీసి చూసుకున్నాడు. కారలేదు. ఆ పూట ఏం రాయాలో ఇంకా తెలియదు. అయినా పొద్దున్నే రంగు సిద్ధం చేసుకోకపోతే ఆయనకు పళ్లు తోముకోనట్టే ఉంటుంది.

సన్నగా పొడుగ్గా, నడుం దగ్గర కాస్త వంగిన మనిషి. చొక్కా చేతుల మీద ఊళ్లో ఉన్న దుకాణాలన్నిటి రంగులూ ఉంటాయి. అసలు పేరు భార్యకూ, ఉత్తరాలు తెచ్చేవాడికీ తప్ప ఎవరికీ గుర్తు లేదు. మందుల షాపు పేరు, ఆసుపత్రిలో బాణం గుర్తులు, బడి గోడ మీది ఎక్కాలు, ‘కుక్క ఉంది జాగ్రత్త’, అన్నీ ఆయన చేతివే. ఎన్నికలొస్తే ఒకే గోడకు ఇటు ఒకరికీ అటు ఇంకొకరికీ ఓటెయ్యమని రాసేవాడు. అక్షరాలు రెండు వైపులా ఒకేలా నిటారుగా నిలబడేవి. యంత్రంలో అచ్చయ్యే ప్లాస్టిక్ బోర్డులు వచ్చాక పని పలచబడింది.

మళ్లీ పని తెచ్చింది ఊరి చివరి గోధుమ చేను. ఈమధ్య ఒకరోజు తెల్లారి చూస్తే, చేను నడుమ పైరు ఎవరో దువ్వెనతో దువ్వినట్టు పడుకుని ఉంది. ఒక పెద్ద వలయం, దాని చుట్టూ చిన్న వలయాలు. అప్పటినుంచి జనం వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లకు తలో నమ్మకం. ఎవరి నమ్మకాన్ని వాళ్లు బోర్డెక్కించాలి కదా. అచ్చు యంత్రమున్న పట్నం దూరం, అక్షరాలాయన దగ్గర.

సుడిగాలీ మెరుపూ కలిసి దిగితే పైరు అలా చుట్టుకుంటుందని ఒక రిటైరైన లెక్చరర్ రాయించుకున్నారు. రెండు రాగి తీగలు పట్టుకుని తిరిగే ఒకావిడ, నేల కింద శక్తి పారే దారులున్నాయనీ, వలయం దగ్గర తీగలు వాటంతటవే దగ్గరికి వస్తాయనీ రాయించింది. బట్టతల ఆయన ఒకడు మాత్రం ఆకాశంలోంచి ఓడ దిగడం కళ్లారా చూశానన్నాడు. ఊరంతా ఆయన వెనక నవ్వింది. అక్షరాలాయన నవ్వలేదు. ఆ వెలుగు ఏ రంగని అడిగాడు. పసుపు కాదు, అలాగని తెలుపూ కాదన్నాడు బట్టతల ఆయన. అక్షరాలాయన డబ్బా మూతలో రంగులు కలుపుతూ, చూపిస్తూ, తుడిచేస్తూ పూటంతా గడిపాడు. చివరికి ఒక చుక్క చూసి బట్టతల ఆయన ఇదేనన్నాడు. కళ్లు తుడుచుకుని, ఈ ఊళ్లో నన్ను అబద్ధాలకోరని అననిది నువ్వొక్కడివే అని చెప్పి వెళ్లాడు.

ఇదంతా పనీపాటా లేని కుర్రాళ్లు తాడూ చెక్కా పట్టుకుని తొక్కిన బాపతేనని భార్య అభిప్రాయం. ఇంతకీ మీరు దేన్ని నమ్ముతారని అడిగింది.

“నాకేం తెలుసే. రాసేటప్పుడు మాత్రం ఎవరిది రాస్తుంటే వాళ్లదే నిజమనిపిస్తుంది. లేకపోతే గీత వంకరపోతుంది.”

ఆ పొద్దున చేను గల ఆవిడే వచ్చింది. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటున్న మనిషి. వలయాల్లో పడుకున్న పైరు పోతే పోయింది, చూడ్డానికి వచ్చినవాళ్లు తొక్కింది అంతకు రెండింతలయిందని చెప్పింది. కంచె కడితే విరగ్గొట్టారట. లోపలికి రావద్దని అట్టముక్క పెడితే దాని మీదే కూర్చుని ఫొటో దిగారట. ఏడవలేదు. నలిగిన కంకులు గుప్పెడు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఏం రాయమంటావమ్మా?”

“నాకు మాటలు రావన్నయ్యా. నువ్వే ఏదో ఒకటి రాయి.”

ఆమె వెళ్లాక ఆయన చాలాసేపు కుంచె ముట్టుకోలేదు. ఇన్నేళ్లలో ఎవరూ ఆయన్ని మాట అడగలేదు. మాట వాళ్లు తెచ్చేవారు, అక్షరం ఈయన ఇచ్చేవాడు. సుద్దముక్కతో రాశాడు, చెరిపాడు. ‘తొక్కితే శిక్ష’ అంటే ఎదురుతిరిగి తొక్కుతారు. ‘దయచేసి’ అంటే అడుక్కున్నట్టుంది. బట్టతల ఆయన మనసు కష్టపడకూడదు, లెక్చరర్ గారు చిన్నబుచ్చుకోకూడదు, గింజలు మాత్రం దక్కాలి. భోజనానికి పిలిస్తే సగం తిని లేచాడు. ఎడమ భుజం లాగుతోందన్నాడు. రేపు రాయకూడదా అంది భార్య. రేపటికి ఇంకొంత తొక్కుతారన్నాడు.

ఎండ వాలుతుండగా భార్యను పిలిచి, సుద్దతో రాసింది పైకి చదవమన్నాడు.

“ఇది ఎవరు చేశారో తెలియదు. విత్తనం చల్లింది మాత్రం ఒకావిడ. గట్టు మీద నిలబడి చూడండి.”

“ఎలా ఉంది?”

“అచ్చం మీరు మాట్లాడినట్టే ఉంది.”

ఆయన ఆ మాటకు సిగ్గుపడ్డట్టు తల వంచుకుని రంగు అందుకున్నాడు. అక్షరాల ఒళ్లన్నీ ముందు రాసుకుని, తలకట్టులు చివర్లో ఒక్క ఊపున పెట్టుకుంటూ పోవడం ఆయన పద్ధతి. ఒళ్లన్నీ రాసి, అవి ఆరేదాకా కాస్త కూర్చుంటానని గోడకు చేరగిలబడ్డాడు. భార్య లైటు వేయడానికి వచ్చేసరికి తల ఒక పక్కకు వాల్చి, బోర్డు వైపే చూస్తున్నట్టున్నాడు. పనిలో ఉన్నాడనుకుని ఆమె కొంతసేపు పలకరించకుండా నిలబడింది.

ఆయన్ని కాటిదాకా సాగనంపడానికి లెక్చరర్ గారూ, రాగి తీగల ఆవిడా, బట్టతల ఆయనా వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లు పక్కపక్కనే నడిచారు. మిగిలిపోయిన తలకట్టులు తాము పెట్టిస్తామన్నారు. ఆయన రాత మీద ఇంకో చెయ్యి పడొద్దని భార్య అంది.

చేను గల ఆవిడ బోర్డును తనే మోసుకెళ్లి పాతింది. జనం రావడం మానలేదు. చదివి గట్టు మీదే ఆగిపోతున్నారు. ఒకడు దిగబోతే బట్టతల ఆయనే భుజం పట్టుకుని ఆపాడు. ఆకాశం వైపు చూస్తూ, సుడిగాలి గురించి వాదించుకుంటూ, అందరూ గట్టు మీదే సర్దుకుని నిలబడుతున్నారు.

వాళ్ల మధ్య బోర్డు ఉంది. ఒక్క అక్షరానికీ తలకట్టు లేదు. అయినా ప్రతి మాటా చదవడానికి వస్తోంది.