అక్క ఫోల్డరు

మూడోసారి చూసినా తొంభై తొమ్మిది శాతమే. సర్వరు డిస్కు నిండిపోయి ల్యాబు రిపోర్టులు ఆగిపోయాయి. వరండాలో రోగులు చీటీలు పట్టుకుని నిలబడ్డారు. ఫోను మోగుతూనే ఉంది.

"చూస్తున్నానండీ బాబూ, చూస్తున్నా!" అని ఠపీమని పెట్టేశాడతను.

ఆసుపత్రిలో అందరూ అతన్ని చీపురు అంటారు. పదిహేనేళ్ళుగా ఆ చల్లటి ఇరుకు గదిలో, మోచేతుల దగ్గర పలచబడిన స్వెటరుతో కూర్చుని, లినక్స్ సర్వరులో పేరుకున్న చెత్త ఊడవడమే అతని పని. ఇంట్లోనూ అంతే. పాత డబ్బా, పాత ఉత్తరం ఏదీ ఉంచడు. "ఇక మిగిలింది నేనొక్కదాన్నే. నన్నెప్పుడు పారేస్తారు?" అంటుంది భార్య.

ఎప్పుడో దించి వదిలేసిన సాఫ్ట్‌వేరు ప్యాకేజీలు తీసేశాడు. లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెళ్ళలో వాడని పాతవి రెండు తీసేశాడు. సర్వరు తన ప్రతి పనినీ రాసుకునే లాగ్ ఫైలు కొండంత పెరిగితే, దాన్నీ చెరిపాడు. అయినా అంకె కదల్లేదు. చెరిపిన ఫైలును ఏదో ప్రోగ్రాము ఇంకా పట్టుకునే ఉంది. పళ్ళు నూరుకుంటూ దాన్ని ఆపి మళ్ళీ నడిపించాడు. తొంభై నాలుగు. రిపోర్టులు కదిలాయి కానీ, ఇది రెండు రోజుల ముచ్చటేనని అతనికి తెలుసు. మిగతా జాగా అంతా ల్యాబు అక్క ఫోల్డరే. తాను చూసిన ప్రతి స్లైడునూ ఫొటో తీసి దాస్తుందామె.

విసవిసా ల్యాబుకు వెళ్ళాడు.

"అక్కా, నీకు దండం పెడతాను. ఆ పాత బొమ్మలు తీసెయ్."

ఆమె మైక్రోస్కోపు మీంచి కన్నెత్తలేదు. "ఏది పాతదో నీకెలా తెలుసు తమ్ముడూ?"

"ఆరేళ్ళ కిందటివి! అందులో సగంమంది ఉన్నారో లేదో."

"ఉన్నవాళ్ళు మళ్ళీ వస్తే?"

"అప్పుడు చూసుకుందాం. మధ్యాహ్నం నేనే తీసేస్తా."

"సరే, నీ ఇష్టం."

ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. గెలిచాననుకున్నాడు.

భోజనం చేసొచ్చి, చెరిపే ఆజ్ఞ టైపు చేశాడు. ఇక మీట నొక్కడమే. ఇంతలో సర్జను ఫోను చేశాడు.

"ఒకావిడకి గడ్డ మళ్ళీ వచ్చిందయ్యా. పాతదేనా, కొత్తదా అని తేల్చాలి. ఆరేళ్ళ కిందటి స్లైడు పగిలిపోయిందట. దాని ఫొటో ఏమైనా నీ దగ్గరుందా?"

ఉంది. రోగి నంబరు కింద, తేదీ వేసి మరీ ఉంది. అరనిమిషంలో దొరికింది.

"మా నెత్తిన పాలు పోశావయ్యా!" అన్నాడు సర్జను.

చీపురు ఫోను పెట్టేశాడు. టైపు చేసిన ఆజ్ఞను ఒక్కో అక్షరమే వెనక్కి తుడిచేశాడు.

నాలుగింటికి ఆఫీసు గుమాస్తా చీటీ తెచ్చాడు. "ల్యాబు అక్క ఖాతా తీసేయాలట. ఇవాళ రిటైరైపోయింది కదా."

"ఇవాళా? నాకెవరూ చెప్పలేదే!"

"అందరికీ మెయిలు పెట్టాం సార్."

చదవకుండానే ఊడ్చేసిన మెయిళ్ళలో అదీ పోయి ఉంటుంది. గుమాస్తా వెళ్ళాక, ఖాతాతో పాటే పోకుండా ఆ ఫోల్డరును తన పేరు మీదికి మార్చుకున్నాడు. తర్వాత గబగబా ల్యాబుకు నడిచాడు.

ఆమె వెళ్ళిపోయి గంటైందట. మైక్రోస్కోపుకు తొడుగు వేసి ఉంది. బల్ల కింద, కడిగి ఆరబెట్టినట్టు, ఆమె ల్యాబులో వేసుకునే రబ్బరు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఎడమ చెప్పు తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది.